గవర్నర్ గారి సముద్రపు ఇల్లు: మౌంట్ లవీనియా హోటల్ వెనక ఉన్న కథ

ఈరోజు కథ మీ ఫోన్‌లోంచే మొదలవుతుంది.

సముద్రం ఉన్న ఏదో ఒక ఊరికి వెళ్దామని హోటల్ బుక్ చేసే యాప్ తెరిచారనుకోండి. ఫోటోలు చూస్తారు, రేటు చూస్తారు, రివ్యూలు చదువుతారు. వాటన్నిటి కింద చిన్న అక్షరాల్లో ఒక లైను ఉంటుంది: సిటీ సెంటర్‌కి ఇన్ని కిలోమీటర్లు అని. ఆ లైన్ చూడగానే మనకు గుర్తొచ్చేది ఆటో ఖర్చు. నాకైతే ఆ లైన్‌లోనే ఒక చరిత్ర ప్రశ్న కనిపిస్తుంది. అంత అందమైన బిల్డింగ్ ఊరికి అంత దూరంలో ఎందుకుంది? దాన్ని ఎవరు కట్టారు? ఎవరికి దూరంగా ఉండాలని కట్టారు?

ఈ ప్రశ్న వేయడానికి నాకు తెలిసినంతలో చాలా మంచి చోటు ఒకటుంది. శ్రీలంకలో, కొలంబోకి దక్షిణంగా ఉన్న మౌంట్ లవీనియా హోటల్. ఆ హోటల్ గురించి అందరూ చెప్పే కథ ఒకటుంది, చాలా అందంగా ఉంటుంది. ఆ కథ ముందు చెప్పుకుందాం. తర్వాత ఆ కథ ఏం చెప్పకుండా వదిలేసిందో చూద్దాం.

ముందు చోటు ఎలా ఉంటుందంటే

కొలంబోలో పాత సెంటర్‌ని ఫోర్ట్ అంటారు. పేరుకి కోట, ఇప్పుడు అక్కడ ఉన్నవి బ్యాంకులు, ఆఫీసులు, రైల్వే స్టేషన్. అక్కడి నుంచి మౌంట్ లవీనియా దాదాపు 12 కిలోమీటర్లు. నేను లోకల్ ట్రైన్‌లో వెళ్ళాను. మీరు వెళ్ళినా అలాగే వెళ్ళమంటాను. ఎందుకంటే ఆ ట్రైన్ కొల్లుపిటియ, బంబలపిటియ, వెల్లవత్త, దేహివల స్టేషన్లు దాటుకుంటూ సముద్రం ఒడ్డునే పోతుంది. కుడివైపు కిటికీ దగ్గర నిలబడితే అలల తుంపర మొహానికి తగులుతుంది. రాళ్ళ మీద గాలాలు వేసుకుని కూర్చున్నవాళ్ళు, పట్టాల పక్కనే ఆరేసిన బట్టలు, గొడుగు కింద దగ్గరగా కూర్చున్న జంటలు. ఊరంతా వీపు మీ వైపు పెట్టి సముద్రం చూస్తున్నట్టుంటుంది.

స్టేషన్‌లో దిగితే హోటల్‌కి నడిచి వెళ్ళిపోవచ్చు. సముద్రంలోకి కొంచెం ముందుకొచ్చిన రాతి గుట్ట, దాని మీద తెల్లటి పెద్ద భవనం. ఎత్తైన పైకప్పులు, పొడవాటి వరండాలు. టెర్రస్ మీద నిలబడి ఉత్తరం వైపు చూస్తే కొలంబో టవర్లు మసగ్గా కనిపిస్తాయి. నేను రెండు రాత్రులున్నాను. సాయంత్రం ఆరు దాటాక మనలాంటి వాళ్ళకి అక్కడ ఒక చిన్న ఆశ్చర్యం ఉంటుంది. విశాఖలోనో, మచిలీపట్నంలోనో, నెల్లూరు వైపో పెరిగినవాళ్ళు సూర్యుడు సముద్రంలోంచి లేవడం చూస్తూ పెరుగుతారు. ఇక్కడ సూర్యుడు సముద్రంలోకి దిగిపోతాడు. పడమటి తీరం కదా. టెర్రస్ మీద ఉన్నవాళ్ళందరూ ఒకేసారి ఫోన్లు ఎత్తుతారు. నేనూ ఎత్తాను.

సరే, ఇక కథలోకి వెళ్దాం.

ఆ గవర్నర్ ఎవరు?

శ్రీలంక తీరాన్ని ముందు పోర్చుగీసువాళ్ళు పట్టుకున్నారు. 1658కల్లా వాళ్ళని తరిమేసి డచ్చివాళ్ళు కూర్చున్నారు. 1796లో బ్రిటిష్‌వాళ్ళు డచ్చివాళ్ళ నుంచి కొలంబో తీసుకున్నారు. మొదట్లో ఈ తీరాన్ని పాలించింది ఎక్కడి నుంచో తెలుసా? మన మద్రాసు నుంచి. ఈస్టిండియా కంపెనీ మద్రాసు అధికారులు వచ్చి, మద్రాసు పద్ధతిలో పన్నుల వసూలు మొదలుపెట్టారు. కొబ్బరి చెట్ల మీద కూడా పన్ను వేశారు. కొబ్బరి చెట్టు మీద బతికే తీరంలో ఆ పని చేస్తే ఏమవుతుంది? 1797లో తిరుగుబాటు వచ్చింది. ఆ దెబ్బతో 1798లో లండన్ నుంచి ఫ్రెడరిక్ నార్త్ అనే గవర్నర్‌ని పంపారు. 1802 నాటికి కంపెనీని పూర్తిగా పక్కన పెట్టి, ఈ ద్వీపాన్ని నేరుగా రాజు పేరు మీద నడిచే వలసగా మార్చారు.

అయితే బ్రిటిష్‌వాళ్ళ చేతిలో ఉన్నది తీరం మాత్రమే. మధ్యలో కొండల మీద క్యాండీ రాజ్యం స్వతంత్రంగా ఉంది. 1803లో బ్రిటిష్ సైన్యం క్యాండీ మీదికి వెళ్ళింది, ఘోరంగా దెబ్బతింది. అక్కడ వదిలొచ్చిన దండు దాదాపు మొత్తం చచ్చిపోయింది. ఖజానా ఖాళీ, పరువు పోయింది. ఈ పరిస్థితిలో 1805లో కొత్త గవర్నర్ దిగాడు. ఆయనే సర్ థామస్ మెయిట్‌లాండ్.

స్కాట్లాండ్ ప్రభువుల కుటుంబం. అప్పటికే నలభై దాటిన సైనికుడు, పెళ్ళి చేసుకోలేదు. ఇంతకుముందు ఆయన కరీబియన్‌లో, ఇప్పుడు మనం హైతీ అంటున్న చోట పనిచేశాడు. అక్కడ బానిసల తిరుగుబాటుకి నాయకత్వం వహించిన తూసాన్ లూవెర్చ్యూర్‌తో 1798లో ఒప్పందం చేసుకుని బ్రిటిష్ సైన్యాన్ని వెనక్కి తెచ్చింది ఈయనే. అంటే గెలవలేని యుద్ధం ఎలా ఉంటుందో చూసినవాడు. శ్రీలంకలో ఆయన పని ఖర్చు తగ్గించడం, ఉద్యోగుల్ని దారిలో పెట్టడం, క్యాండీతో కొత్త యుద్ధం రాకుండా చూసుకోవడం. డచ్చివాళ్ళ కాలంలో క్యాథలిక్కుల మీద ఉన్న ఆంక్షల్ని 1806లో ఎత్తేసింది కూడా ఈయన ప్రభుత్వమే.

ఆ 1806లోనే, ఖర్చులు తగ్గించడానికి వచ్చిన ఈ గవర్నర్ కోట నుంచి 12 కిలోమీటర్ల దూరంలో, గల్కిస్స అనే పల్లె దగ్గర, సముద్రం పక్క గుట్ట మీద తన కోసం ఒక ఇల్లు మొదలుపెట్టాడు.

ఎందుకు అంత దూరం? అప్పటి కోట లోపల ఎలా ఉండేదో ఊహించుకోండి. చుట్టూ గోడలు, గాలి ఆడదు. ప్రతి గుమ్మం దగ్గరా ఒక గుమాస్తా, ఒక ఫిర్యాదు, ఒక జత కళ్ళు. చెడు గాలి వల్లే జ్వరాలు వస్తాయని అప్పటి వైద్యులు నమ్మేవాళ్ళు. దోమ సంగతి ఇంకా ఎవరికీ తెలియదు. కాబట్టి సముద్రపు గాలి తగిలే ఎత్తు మీద ఇల్లంటే ఆరోగ్యం. గుర్రబ్బండి ఉన్నవాడికి ఆ దూరం సుఖం. కాలినడకన అర్జీ పట్టుకొచ్చేవాడికి అదే దూరం ఒక గోడ.

నాట్యకత్తె కథ

ఇప్పుడు అందరూ చెప్పే కథ. మెయిట్‌లాండ్ కొత్తగా వచ్చినప్పుడు ఆయన గౌరవార్థం విందు ఇచ్చారట. అందులో నాట్యం చేసిన ఒక అమ్మాయి పేరు లొవినా. పోర్చుగీసు, సింహళ రక్తం కలిసిన కుటుంబం, సంచారం చేసే నాట్య బృందం, సమాజంలో చాలా కింద మెట్టు. గవర్నర్ ఆమెను చూసి మనసు పారేసుకున్నాడు. బహిరంగంగా కలవడం కుదరదు. అందుకని తన కొత్త ఇంటి ద్రాక్షసారా నేలమాళిగ నుంచి ఆమె ఇంటి దగ్గరున్న బావి దాకా రహస్య సొరంగం తవ్వించాడట. రాత్రిళ్ళు ఆమె ఆ సొరంగంలోంచి వచ్చేదట. ఆమె పేరు మీదే ఆ ఇంటికి, తర్వాత ఊరికి మౌంట్ లవీనియా అని పేరొచ్చిందట. 1811లో గవర్నర్ వెళ్ళిపోయాడు. తర్వాత మాల్టాకి గవర్నర్ అయ్యాడు, 1824లో అక్కడే చనిపోయాడు. మళ్ళీ పెళ్ళి మాట ఎత్తలేదు. కథ అయిపోయింది.

హోటల్‌కి వెళ్తే ఈ కథ మీకు కనీసం మూడుసార్లు వినిపిస్తుంది. లొవినా విగ్రహం కూడా ఉంది. కొత్తగా పెళ్ళైన జంటలు ఆ పరిసరాల్లో ఫోటోలు దిగుతారు. నేను కథని వెక్కిరించడానికి రాలేదు. నాకూ వినడానికి బాగుంది. కానీ చరిత్ర చదివేవాళ్ళం కాబట్టి రెండు మూడు విషయాలు అడగాలి.

మొదటిది, పేరు. లవీనియా అనే మాటకి ఇంకో వివరణ కూడా ఉంది. సింహళంలో లిహిణియా అంటే ఒక పిట్ట, సముద్రం మీద తిరిగే పిట్ట. ఆ పిట్టలు వాలే గుట్ట కాబట్టి లిహిణియా కంద, అంటే పిట్టల కొండ. ఇంగ్లీషు నోట్లో పడి అదే లవీనియా అయిందంటారు. స్థానికులు మాత్రం ఇప్పటికీ ఆ ఊరిని గల్కిస్స అనే పిలుస్తారు. అంటే ఒకే చోటికి ఒక ప్రేమకథ పేరు, ఒక పిట్ట పేరు, ఒక పల్లె పేరు ఉన్నాయి. బోర్డు మీద ఏ పేరు నిలిచింది? అమ్మడానికి పనికొచ్చే కథ ఉన్న పేరు.

రెండోది మనకు బాగా తెలిసిన కథే. ఒక పాలకుడు, ఒక నాట్యకత్తె, ఆమె పేరు మీద ఒక ఊరు. ఎక్కడో విన్నట్టు లేదూ? హైదరాబాద్ వాళ్ళు ఇప్పటికే నవ్వుతుంటారు. మహమ్మద్ కులీ కుతుబ్ షా, భాగమతి, భాగ్యనగరం. యువరాజు మూసీ వరదలో గుర్రం దూకించి భాగమతి కోసం వెళ్ళాడనీ, కొడుకు ప్రాణం గురించి భయపడి తండ్రి ఇబ్రహీం పురానాపూల్ కట్టించాడనీ చిన్నప్పుడు అందరం విన్నాం. అయితే ఆ వంతెన పూర్తయింది 1578లో. యువరాజు పుట్టింది 1565-66 ప్రాంతంలో. లెక్కేయండి, పన్నెండు పదమూడేళ్ళ పిల్లాడు. ప్రేమ సంగతి ఎలా ఉన్నా, వంతెన సంగతి మాత్రం తారీఖులకి కుదరడం లేదు. ఫెరిష్తా లాంటి ఆ కాలపు చరిత్రకారుడు భాగమతి పేరు రాశాడు. షేర్వాణీ లాంటి ఆధునిక చరిత్రకారుడు ఆమె ఉందంటేనే ఒప్పుకోలేదు. వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

మరి ఇలాంటి కథలు ఎందుకు అంత గట్టిగా నిలబడతాయి? నేను అనుకునేది చెప్తాను. అధికారం ఒక చోటుని తీసుకున్నప్పుడు ఆ తీసుకోవడాన్ని ప్రేమగా చెప్పుకుంటే వినడానికి హాయిగా ఉంటుంది. గల్కిస్స గుట్ట గవర్నర్ చేతికి ఎలా వచ్చింది, అక్కడ అంతకుముందు ఎవరున్నారు అని అడిగే బదులు, ఆ సొరంగం ఇప్పుడెక్కడుంది అని అడుగుతాం. ప్రశ్నే మారిపోతుంది.

మూడోది నాకు అన్నిటికన్నా ముఖ్యం. కథ నిజమే అనుకుందాం. ఒకవైపు నలభై దాటిన గవర్నర్. ద్వీపం తీరంలో సైన్యం, కోర్టులు, పన్నులు అన్నీ ఆయన చేతిలో. ఇంకోవైపు తిరుగుతూ బతికే బృందంలో ఒక అమ్మాయి. ఆయన రమ్మంటే ఆమె రానని చెప్పగలదా? చెబితే ఆ బృందం సంగతేంటి? ఆయన 1811లో ఓడెక్కాక ఆమె ఎలా బతికింది? ఈ కథలో ఆయన ఏం అనుకున్నాడో, ఎంత బాధపడ్డాడో అన్నీ ఉన్నాయి. ఆమె నోట్లోంచి వచ్చిన మాట ఒక్కటీ లేదు. విగ్రహం ఉంది, మాట లేదు. ఇలాంటి కథ ఎక్కడ విన్నా, ఎవరి మాట లేదో వెతకండి. చరిత్ర చదవడంలో సగం పని అదే.

అదే సమయంలో కొండల మీద

ఇప్పుడు కెమెరాని సముద్రం నుంచి కొండల వైపు తిప్పుదాం. ఎందుకంటే ఈ ఇల్లు కడుతున్నప్పుడు క్యాండీలో గద్దె మీద కూర్చున్న రాజుకి మనతో సంబంధం ఉంది.

క్యాండీ రాజులు చాలాకాలంగా తమ రాణుల్ని మదురై నాయకుల బంధువర్గం నుంచి తెచ్చుకునేవాళ్ళు. మదురై నాయకులంటే విజయనగర కాలంలో దక్షిణానికి వెళ్ళి పాలకులైన తెలుగు మూలాల కుటుంబాలు. 1739లో క్యాండీ రాజు వారసుడు లేకుండా చనిపోతే, రాణి తమ్ముడికే గద్దె దక్కింది. అలా వరుసగా నలుగురు నాయక వంశపు రాజులు క్యాండీని ఏలారు. రెండో రాజు కీర్తి శ్రీ రాజసింహుడి కాలంలో, 1753లో, సయాం నుంచి భిక్షువుల్ని రప్పించి శ్రీలంక బౌద్ధ సంఘాన్ని మళ్ళీ నిలబెట్టారు. ఆఖరి రాజు శ్రీ విక్రమ రాజసింహుడు, 1798లో గద్దెనెక్కాడు. అసలు పేరు కన్నసామి.

ఇక్కడ ఒక విషయం చూడండి. మెయిట్‌లాండ్ తీరంలో సముద్రం పక్కన ఇల్లు కట్టించుకుంటున్న ఆ సంవత్సరాల్లోనే, ఈ రాజు క్యాండీలో నీళ్ళ పక్కన తన నగరాన్ని తీర్చిదిద్దుతున్నాడు. ఇప్పుడు టూరిస్టులందరూ ఫోటో తీసుకునే క్యాండీ సరస్సు ఆయన తవ్వించిందే. మన రక్తం కదా అని పొంగిపోకండి. ఆ సరస్సుని జనం చేత రాజకారియ కింద తవ్వించాడు. రాజకారియ అంటే రాజుకి చేయాల్సిన కట్టుపని, మన వెట్టికి దగ్గర చుట్టం. ఆ పనుల మీద జనానికీ, సర్దార్లకీ కోపం పెరిగింది. ఆ కోపాన్ని బ్రిటిష్‌వాళ్ళు ఓపిగ్గా వాడుకున్నారు. మెయిట్‌లాండ్ తర్వాత వచ్చిన గవర్నర్ బ్రౌన్‌రిగ్ కాలంలో, 1815లో, క్యాండీ సర్దార్లే రాజుని వదిలేశారు. మార్చి 2న ఒప్పందం రాసుకుని రాజ్యాన్ని బ్రిటిష్‌వాళ్ళకి అప్పగించారు. రాజుని మన పక్కనే ఉన్న వేలూరు కోటకి పంపేశారు. 1832లో అక్కడే చనిపోయాడు.

అంటే కొండల్లో ఉన్న రాజుకి సరస్సు, తీరంలో ఉన్న గవర్నర్‌కి సముద్రం. ఒక నీటి పక్కనున్నవాడు ఖైదీ అయ్యాడు. ఇంకో నీటి పక్కనున్న ఇల్లు ఇంకా పెద్దదైంది.

ఇల్లు భవనం అయింది, తర్వాత అమ్మకానికొచ్చింది

ఆ ఇంటిని పెద్దది చేసింది సర్ ఎడ్వర్డ్ బార్న్స్. వాటర్లూ యుద్ధంలో పోరాడిన సైనికుడు. 1824 నుంచి 1831 దాకా గవర్నర్. ఆయనకి రెండు పిచ్చిలు. ఒకటి రోడ్లు. కొలంబో నుంచి క్యాండీకి, కొండలు తొలిచి, బండ్లు పోయే రోడ్డు వేయించాడు. ఆ రోడ్డుకి కూడా మనుషుల్ని రాజకారియ కిందే తెచ్చారు. రాజు పోయాడు, రాజు పేరు మీద ఉన్న కట్టుపని మాత్రం పోలేదు, కొత్త యజమాని వాడుకున్నాడు. లండన్ పంపిన విచారణ సంఘం చెప్పాక, 1830ల మొదట్లో గానీ అది రద్దు కాలేదు.

బార్న్స్ రెండో పిచ్చి ఈ సముద్రపు ఇల్లు. మెయిట్‌లాండ్ కట్టింది మరీ పెద్దదేం కాదు. బార్న్స్ దాన్ని స్తంభాలతో, విశాలమైన గదులతో గవర్నర్ హోదా దూరం నుంచే కనిపించేలా భవనం చేశాడు. లండన్‌లో లెక్కలు చూసేవాళ్ళకి ఇది నచ్చలేదు. కోటలో ఒక గవర్నర్ నివాసం ఉండగా ఊరవతల ఇంకోటి దేనికి అన్నది వాళ్ళ ప్రశ్న. చివరికి 1842లో ప్రభుత్వం ఆ భవనాన్ని అమ్మేసింది.

చూశారా, ఇంతదాకా ఈ భవనానికి ఉన్న విలువంతా దూరంలో ఉంది. ఆ దూరాన్ని మోయగలిగే అధికారం తప్పుకోగానే, అది ఊరి బయట ఎవరికీ అక్కర్లేని పెద్ద ఇల్లు అయిపోయింది. అది మళ్ళీ బతకాలంటే దూరం తగ్గాలి. తగ్గించింది రైలు.

1877: టికెట్ కొన్నవాళ్ళందరికీ సముద్రం

శ్రీలంకలో రైలు వచ్చింది కాఫీ కోసం. కొండల మీద పండిన కాఫీని రేవుకి దించడానికి 1860ల్లో కొలంబో–క్యాండీ లైను వేశారు, 1867లో క్యాండీ చేరింది. తర్వాత తీరం వెంట దక్షిణానికి లైను వేయడం మొదలుపెట్టారు. 1877లో ఆ లైను మౌంట్ లవీనియా దాటింది. అదే సంవత్సరం ఆ పాత గవర్నర్ భవనం హోటల్‌గా తలుపులు తీసింది. ఇది కాకతాళీయం అనుకోవడానికి లేదు. స్టేషన్ లేకపోతే ఆ హోటల్ లేదు.

ఇంకో సంగతి ఓడలు. 1869లో సూయెజ్ కాలువ తెరిచారు. యూరప్ నుంచి ఆస్ట్రేలియాకీ, తూర్పు దేశాలకీ వెళ్ళే ఆవిరి ఓడలన్నీ శ్రీలంక దగ్గర ఆగి బొగ్గు వేసుకోవాలి. అంతకుముందు ఆ ఓడలు గాలె రేవులో ఆగేవి. 1875లో కొలంబోలో పెద్ద అలకట్ట కట్టడం మొదలైంది. సముద్రం మీద అలల్ని ఆపే గోడన్నమాట. అది 1885లో పూర్తయ్యేసరికి ఓడలన్నీ కొలంబోకే రావడం మొదలుపెట్టాయి. ఓడ బొగ్గు వేసుకుంటుంది, ప్రయాణికులకి ఒకటి రెండు రోజులు ఖాళీ. వాళ్ళు ఎక్కడికి వెళ్తారు? రేవుకి దగ్గర్లో 1864లో పెట్టిన గాలె ఫేస్ హోటల్ ఉంది. ఇంకా కాస్త తిరగాలనుకునేవాళ్ళు రైలెక్కి అరగంటకో ముప్పావుగంటకో మౌంట్ లవీనియాలో దిగుతారు. స్నానం, భోజనం, సూర్యాస్తమయం, తిరుగు ప్రయాణం. ఇప్పుడు మనం వీకెండ్ ట్రిప్ అంటున్నది ఇలాంటిదే.

గవర్నర్ ఒక్కడికే ఉన్న దృశ్యం ఇప్పుడు డబ్బు కట్టిన ప్రతివాడికీ దొరికింది. ఇది పెద్ద మార్పే. కానీ ఎంతమందికి? ఆ టెర్రస్ మీద కుర్చీ దొరికింది ఎక్కువగా తెల్లవాళ్ళకి. గల్కిస్స జనంలో చాలామంది ఆ గేటు లోపలికి వెళ్ళాలంటే ట్రే పట్టుకునో, చీపురు పట్టుకునో వెళ్ళాలి. అధికారంతో మూసిన తలుపు ధరతో సగం తెరుచుకుంది.

యుద్ధం, సినిమా

1942 ఏప్రిల్ 5, ఈస్టర్ ఆదివారం. జపాన్ విమానాలు కొలంబో మీద బాంబులు వేశాయి. మరుసటి రోజు, ఏప్రిల్ 6న, అదే దాడుల్లో భాగంగా మన విశాఖపట్నం, కాకినాడల మీద పడ్డాయి. మీ ఇంట్లో ముసలివాళ్ళుంటే, విశాఖ జనం మూటాముల్లే సర్దుకుని ఊళ్ళకి పారిపోయిన కథ వినే ఉంటారు. ఆ వారం ఆ తీరాలు రెండూ ఒకే భయంలో గడిపాయి. ఆ యుద్ధకాలంలో మౌంట్ లవీనియా హోటల్ సైనిక ఆసుపత్రి అయింది. సూర్యాస్తమయం చూసే వరండాల్లో మంచాలు వేశారు.

చిత్రం ఏంటంటే, యుద్ధం అయ్యాక అదే చోటు సినిమాలో కూడా ఆసుపత్రిగానే కనిపించింది. 1957లో వచ్చిన డేవిడ్ లీన్ సినిమా ద బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వాయ్ కథ బర్మా రైల్వే మీద, షూటింగ్ మాత్రం శ్రీలంకలో. వంతెన కట్టింది కితుల్‌గల దగ్గర. అందులో సముద్రం పక్కన మిలిటరీ ఆసుపత్రి సీన్లు తీసింది ఈ హోటల్లోనే. ఆ సినిమాకి ఏడు ఆస్కార్లు వచ్చాయి.

మరి ఇప్పుడు మనం ఏం చేయాలి?

ఈరోజు ఆ హోటల్ ఊరవతల లేదు. ఊరే నడుచుకుంటూ దాని దగ్గరికొచ్చి, దాటి వెళ్ళిపోయింది. దేహివల–మౌంట్ లవీనియా అని దానికో మునిసిపాలిటీ, గాలె రోడ్డు మీద రాత్రీపగలూ ట్రాఫిక్. యాప్ మాత్రం ఇంకా సిటీ సెంటర్‌కి 12 కిలోమీటర్లు అనే చూపిస్తుంది. ఆ నంబర్ 1806లో ఒక మనిషి తీసుకున్న నిర్ణయం. మనం ఇంకా దానికి డబ్బు కడుతున్నాం.

మన దగ్గరా ఇదే జరిగింది. విశాఖలో పాతూరు కింద, రేవు దగ్గర. ఇంగ్లీషువాళ్ళు గాలి కోసం ఉత్తరంగా, ఎత్తుగా ఉన్న వాల్తేరులో బంగళాలు కట్టుకున్నారు. ఇప్పుడు ఋషికొండ దాకా, భీమిలి దాకా సముద్రం చూసే గదులు అమ్ముతున్నారు. వెళ్ళండి, ఉండండి, తప్పేం లేదు. నేనూ వెళ్తాను. అందమైన చోట నిద్ర లేవడం అందరికీ కావాలి. కానీ బాల్కనీలో నిలబడి రీల్ తీసేముందు మూడు ప్రశ్నలు అడగండి. ఇది ఇంత దూరంలో ఎందుకుంది? దీని పేరు ఎవరు పెట్టారు, అంతకుముందు ఏ పేరుండేది? ఈ ఒడ్డున ఇదివరకు వలలు ఆరేసుకున్నవాళ్ళు ఇప్పుడెక్కడ ఆరేస్తున్నారు?

మొదటి రెండింటికి జవాబు పుస్తకాల్లో దొరుకుతుంది. మూడోదానికి హోటల్ గేటు దాటి బయటికి వెళ్ళి, ఒడ్డున పడవ దగ్గర కూర్చున్న పెద్దాయన్ని అడగాలి. తెలుగు తీరంలో ఎక్కడైనా మీరు అలా అడిగి తెలుసుకున్న ఒక పాత పేరు ఉంటే, ఒక బీచ్‌దో, గుట్టదో, పల్లెదో, కింద కామెంట్లో రాయండి. బోర్డు మీద లేని పేర్లతో ఒక ఎపిసోడ్ చేద్దాం.